ఫైర్ ఫిష్ ట్యాంక్‌లోంచి దూకుతోందా? ముందు దాక్కోవడానికి కన్నం ఉందో లేదో చూడండి

హన్మకొండలో మా ఇంట్లో ఉప్పునీటి ట్యాంక్ పెట్టిన రెండో వారమే ఫైర్ ఫిష్ ఒకటి సోఫా కింద ఎండిపోయి దొరికింది. ముందు సగం తెలుపు, తోక వైపు నిప్పు రంగు, వీపు మీద పుల్లలా నిలబడే పొడవాటి రెక్క. ఎంత పెరిగినా 9 సెంటీమీటర్లే. మూత పెట్టనిది నేనే.

సమస్య: దూకేస్తోంది, లేదా రోజంతా మూలన నక్కి ఉంటోంది.

కారణం: ఈ చేప ఆఫ్రికా తూర్పు తీరం నుంచి హవాయి దాకా పగడపు దిబ్బల్లో ఉంటుంది. సాధారణంగా 6 నుంచి 28 మీటర్ల లోతులో, ఇసుక, పగడపు ముక్కలు పరుచుకున్న చోట, తన కన్నానికి కాస్త పైన ప్రవాహానికి ఎదురుగా తేలుతూ నిలబడుతుంది. నీడ కదిలితే చాలు, సర్రున కన్నంలోకి దూరుతుంది. మీ ట్యాంక్‌లో కన్నం లేకపోతే ఎటు పోవాలి? పైకే.

పరిష్కారం: అడుగున రాళ్ల మధ్య వేలు దూరేంత సందులు రెండు మూడు వదలండి. పైన సన్నటి వల బిగించండి. వైరు వెళ్లే సందు కూడా మూయాలి. చీకట్లో లైటు టక్కున వేయకండి.

సమస్య: మేత అడుగున పడి కుళ్లుతోంది.

ఇది నీటి వాలున కొట్టుకొచ్చే అతి చిన్న జీవుల్ని అందుకుని తినే చేప, కింద వెతుక్కోదు. సన్నటి రొయ్య మేత కొద్దికొద్దిగా పంపు ధార ముందు వదలండి.

సమస్య: రెండు తెస్తే ఒకటే మిగిలింది. పెద్దవి జంటగా ఉంటాయి, జత కుదరనివి చిన్న ట్యాంక్‌లో కొట్టుకుంటాయి. ఒక్కటే పెంచండి.

సమస్య: ఎండాకాలంలో రొప్పుతోంది.

మన దగ్గర మేలో ఎండ 43 డిగ్రీలు దాటుతుంది, ట్యాంక్ 30 దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. తలుపులేసి ఎయిర్ కూలర్ నడిపే గదిలో మాత్రం ఫ్యాన్ పెద్దగా పనిచేయదు, గాలిలో తేమ నిండి నీరు ఆవిరి కాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. అందుకే తగ్గినంతా ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. బోరు నీళ్లు వద్దు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు దగ్గర నిలిచిందో లేదో వారానికోసారి కొలవండి. కరెంట్ పోతే బ్యాటరీ గాలి పంపు సిద్ధంగా పెట్టుకోండి.