పళ్లు జివ్వుమంటుంటే ముందు ఇది మానేయండి

మా నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు మామూలే. అవి పోవాలని బొగ్గు పొడి, ఉప్పు, ఇటుక పొడితో గట్టిగా తోముతుంటారు. దయచేసి మానేయండి. ఆ మచ్చ పైన అంటుకున్నది కాదు, ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) లోపలే ఉంటుంది. ఎంత తోమినా పోదు. ఎనామిల్ మాత్రం అరిగిపోయి చల్లనీళ్లు తగిలితే చాలు, జివ్వుమంటుంది.

మెత్తటి బ్రష్ వాడండి. పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివ్ పేస్ట్ తెచ్చుకుని, రాత్రి తోమాక నురగ ఉమ్మేసి వదిలేయండి, నీళ్లతో పుక్కిలించొద్దు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మా అమ్మ వారానికే విసుగొచ్చి పక్కన పెట్టేస్తే మళ్లీ మొదలుపెట్టించాను. బత్తాయి, నిమ్మరసం, పచ్చిపులుసు తీసుకున్న వెంటనే తోమకండి, అరగంట ఆగండి.

పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటే, నిద్రలో పళ్లు పటపట కొరుకుతున్నారేమో ఇంట్లోవాళ్లను అడగండి. వేడి గుడ్డతో పది నిమిషాలు కాపడం పెట్టండి. కొన్నాళ్లు మక్క కంకులు, సర్వపిండి బంద్. ఒకే పన్ను సలుపుతున్నా, దవడ వాచినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా పేస్టుతో నెట్టుకురాకుండా పళ్ల డాక్టరుకు చూపించండి.