గర్భసంచి జారిన ఆపరేషన్ తర్వాత దాంపత్యం: ముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

అనంతపురం పల్లెల్లో గర్భసంచి జారిన ఆడవాళ్లు ఆపరేషన్‌ను చెనక్కాయల పని ముగిసేదాకా వాయిదా వేసుకుంటూ వస్తారు. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి బయలుదేరేటప్పుడు మాత్రల సంగతి, బరువుల సంగతి వింటారు గానీ, భర్తతో కలయిక గురించి సిగ్గుపడి అడగరు. అడగలేదు కదా అని ఆసుపత్రిలోనూ చాలాసార్లు చెప్పరు.

అసలు ఈ మాట ఆపరేషన్‌కు ముందే రావాలి. వయసు మళ్లిన కొందరికి యోనిమార్గాన్ని కుట్టి మూసివేసే పద్ధతి ఒకటుంది, దాని తర్వాత కలయిక ఇక సాధ్యపడదు. "ఈ వయసులో ఇంకెందుకులే" అని పక్కవాళ్లు తేల్చేయకూడదు. వేలిముద్ర వేసే ముందు ఆమెకు విడమరిచి చెప్పి, ఆమె ఇష్టాన్నే అడగాలి.

మామూలుగా ఆరు వారాలు, లేదా డాక్టరమ్మ పరీక్షించి సరేననే దాకా, కలయిక వద్దు. లోపలి కుట్లు కరిగే రోజుల్లో కొద్దిగా గోధుమ రంగు స్రావం కనిపించవచ్చు. బాలింతకు పడక వేరుగా వేస్తే మన ఇళ్లలో ఎవరూ తప్పు పట్టరు. ఈమెకూ అదే మర్యాద దక్కాలి. ఆరు వారాలు నిండినంత మాత్రాన ఆమె సిద్ధమైనట్టు కాదు, మనసు కుదిరేదాకా ఆగమని చెప్పే హక్కు ఆమెకుంది.

కుట్లు తెగుతాయేమోనని భార్యాభర్తలిద్దరూ భయపడతారు. పూర్తిగా మానిన తర్వాత మెల్లగా జరిగే కలయిక వల్ల కుట్లు విడిపోవు. గర్భసంచి తీసేసినంత మాత్రాన కోరిక, సుఖం పోవు. ముట్లుడిగినవారికి లోపల పొడిబారి మంట పుట్టవచ్చు కాబట్టి నీటితో తయారైన జెల్ వాడుకోవచ్చు. డాక్టరు రాసిస్తే ఈస్ట్రోజన్ క్రీము కూడా పనిచేస్తుంది, అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మొదటిసారి వేగం, లోతు ఆమె అదుపులో ఉండే భంగిమ మంచిది. నొప్పి అనిపిస్తే అక్కడితో ఆపాలి. యోని వెనుక గోడకు కుట్లు వేసినప్పుడు దారి కాస్త బిగుసుకుని నొప్పి రావచ్చు. అది వారాల తరబడి తగ్గకపోతే పళ్లబిగువున ఓర్చుకోవద్దు, మళ్లీ చూపించుకోవాలి, దానికి చికిత్స ఉంది. గర్భసంచి తీయకుండా పైకి కట్టినవారు, ఇంకా ముట్లు వస్తుంటే, గర్భం రాకుండా చూసుకునే పద్ధతి గురించి కూడా అడగాలి.

పదిహేను లీటర్ల బిందె నిండితే పదిహేను కిలోలు దాటుతుంది. ఆ బిందె నడుముకెత్తితే భారమంతా దిగి కుట్ల మీదే పడుతుంది, మలబద్ధకంతో ముక్కినా అంతే. ఆకుకూర పప్పు, రాగి సంగటి, తగినన్ని నీళ్లు తీసుకోవాలి. తగ్గని దగ్గుకు వెంటనే మందు వాడాలి.

గంటలోపే ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోయినా, చలిజ్వరం, దుర్వాసనతో స్రావం, మూత్రం రాకపోవడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం వంటివి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.