మైల్స్ సేల్ కనిపించగానే కొనేయకండి, ముందు సీటు చూడండి
అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చే మనవాళ్ళకి ఒక మాట. ఎయిర్‌లైన్స్ వాళ్ళు మైల్స్ (డబ్బుల బదులు టికెట్‌కి వాడుకునే పాయింట్లు) అమ్ముతూ "100% బోనస్" అని మెయిల్ పంపగానే చాలామంది కార్డు తీసేస్తారు. ఆగండి, ముందు ఒక లెక్క వేసుకోండి. 100% బోనస్ అంటే ఎన్ని మైల్స్ కొంటే అన్ని ఉచితం, అంటే సగం ధర, కానీ 50% బోనస్ అంటే సగం కాదు, మూడో వంతు తగ్గినట్టు అంతే.

మైలు మామూలు ధర 3.5 సెంట్లు అనుకుందాం, 100% బోనస్‌తో 1.75 పడుతుంది. ఎకానమీకి ఒకవైపు 45,000 మైల్స్ అడిగితే దాదాపు 790 డాలర్లు, పైన టాక్సులు, అదే టికెట్ డబ్బులిచ్చి కొంటే 700కే వస్తోందంటే ఇంక మైల్స్ ఎందుకు? బిజినెస్ క్లాస్‌కి 80,000 అడిగితే మాత్రం 1,400 అవుతుంది, క్యాష్ ధర 3,000 దాటితే అప్పుడు నిజంగా లాభం.

అన్నిటికంటే ముఖ్యం, మీ డేట్‌కి అవార్డు సీటు (మైల్స్‌తో బుక్ చేసుకునే సీటు) ఉందో లేదో సైట్‌లో చూశాకే కొనండి. నేను సంక్రాంతికి అమ్మావాళ్ళ దగ్గరికి వద్దామని ముందే కొనేసి కూర్చున్నా, తీరా చూస్తే ఆ రెండు వారాలూ ఒక్క సీటు లేదు, కొన్న మైల్స్ వెనక్కి తీసుకోరు, తర్వాత కొన్నాళ్ళకి అదే రూట్‌కి రేటు కూడా పెంచేశారు. ఇంకోటి, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ మీదుగా వస్తే మైల్స్ పెట్టినా సర్‌ఛార్జి బాగానే పడుతుంది, పేమెంట్ పేజీ దాకా వెళ్ళి మొత్తం ఎంతో చూసుకోండి.