త్వరగా ముగించే పిల్లలకు అవే లెక్కలు ఇంకో పది వద్దు

ఆరో తరగతికి భిన్నాలు చెప్పేటప్పుడు ఒక అమ్మాయి పది నిమిషాల్లో లెక్కలన్నీ చేసేసి కూర్చునేది. నేను ఇంకో పది ఇచ్చేదాన్ని. రెండో వారానికల్లా తను కావాలనే నెమ్మదిగా చేయడం మొదలుపెట్టింది. త్వరగా చేస్తే పని పెరుగుతుందని ఆ పిల్లకు నేర్పింది నేనే. అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను.

పాఠం మొదలుపెట్టక ముందే, అందులోని బాగా కష్టమైన ఐదు లెక్కలు ఇవ్వండి. తెలివైనవాళ్లని మీరు అనుకున్నవాళ్లకే కాదు, క్లాసంతటికీ. నోరు విప్పని పిల్లలు, మార్కులు తక్కువ వచ్చే పిల్లలు కొందరు ఇక్కడే బయటపడతారు. నాలుగు సరిగ్గా చేసినవాళ్లకు ఆ అభ్యాసాలు తీసేయండి. తప్పిన లెక్క చెప్పే రోజు మాత్రం అందరితో పాటు కూర్చోబెట్టండి. అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లీ ప్రచారంలోకి తెచ్చిన 'కరికులం కంపాక్టింగ్' సారం ఇదే. తీసేయడానికి చేయి రాదు, నాకూ రాలేదు. కానీ తీసేస్తేనే కొత్తదానికి టైమ్ దొరుకుతుంది.

ఆ టైమ్‌లో ఏడో తరగతి పాఠం చెప్పేయకండి, వచ్చే ఏడాది మళ్లీ ఇదే సమస్య. ఉన్న పాఠంలోనే లోతుకు దింపండి. నేను ఇచ్చేది ఇది: ప్రాచీన ఈజిప్టువాళ్లు 2/3 తప్ప మిగతా భిన్నాలను, లవం 1 ఉన్న వేర్వేరు భిన్నాల మొత్తంగా రాసేవారు. 4/5 అంటే 1/2 + 1/4 + 1/20. మరి 3/7 ఎలా రాస్తారు? 1/3 + 1/11 + 1/231 దాకా చేరడానికి ఆ అమ్మాయికి రెండు పీరియడ్లు పట్టింది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: లవం 4 అయి, హారం 3 గానీ అంతకంటే పెద్దది గానీ అయితే, ఏ భిన్నాన్నైనా అలాంటి మూడింటితోనే రాయగలమా? 1948 నాటి ఈ ప్రశ్నకు పూర్తి రుజువు ఇంకా లేదని చెప్పినప్పుడు తన కళ్లు చూడాలి!

మొదటిసారి లెక్క రాకపోతే ఇలాంటి పిల్లలు కొందరు ఏడుస్తారు. వాళ్లకు తప్పడం అలవాటు లేదు. వెంటనే జవాబు చెప్పకండి, పక్కన కూర్చుని "ఇంతవరకు ఏం చేశావు?" అని అడగండి. కుదరని ప్రయత్నాలు కూడా నోట్‌బుక్‌లో ఉంచమనండి, నేను దిద్దేది వాటినే. ఈ పనికి మార్కులు తగ్గవని మాత్రం మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే తేలిక లెక్కలే అడుగుతారు.