పెరట్లో స్విమ్మింగ్ పూల్ – 4వ పాఠం: అడుగు రేటు కొట్టేయండి

పోయినసారి పూల్ కట్టే కాంట్రాక్టర్ల నుంచి మూడు కొటేషన్లు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడమన్నాను. చాలామంది చేసి పంపారు, కానీ అందరూ చూసింది చదరపు అడుగు రేటే. ఎవరిది తక్కువుంటే వాళ్లకు టిక్కు. అందుకే ఈసారి మోటారు, ఫిల్టర్ సంగతి పక్కన పెడుతున్నాను.

ఇంతకీ ఏ అడుగు? 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు పూల్ తీసుకోండి. పైనుంచి చూస్తే 200 చదరపు అడుగులు. లోపలికి దిగితే నేల 200, గోడలు 240, మొత్తం 440. ఒకాయన పైకొలతకి రూ. 4,500 చొప్పున వేశాడనుకోండి, 9 లక్షలు. ఇంకొకాయన టైల్స్ పడే చోటంతటికీ రూ. 2,200 అన్నాడు. సగానికి సగం తక్కువని సంబరపడితే బిల్లు రూ. 9,68,000. మూడో ఆయన గోడల బయటి నుంచి టేపు పట్టాడు. గోడ మందం 9 అంగుళాలైతే 200 కాస్తా 247 అవుతుంది. నీళ్లు నిలవని 47 అడుగులకూ మీరే డబ్బు కట్టాలి! లోతు ఒకవైపు 3, ఇంకోవైపు 5 ఉన్నా గోడల లెక్క 240 దాటదు. ‘స్లోప్ ఉంది సార్, ఎక్కువవుతుంది’ అంటే నమ్మకండి.

కాంక్రీటు ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఏ గ్రేడు (ఎంత బలమైనది), స్టీలు ఎన్ని కిలోలు అన్నవి రాయించండి. ‘లంప్‌సమ్’ (విడి లెక్క లేకుండా అన్నిటికీ కలిపి ఒకే మొత్తం) అని కనిపిస్తే నేనైతే ఆ కాగితం తిప్పి పంపేస్తాను. ఇంటికి స్కిమ్మర్ పూల్ (నీళ్లు అంచుకు కాస్త కిందే ఉండి, గోడలోని మూతి గుండా ఫిల్టర్‌కి వెళ్లేది) చాలు, ఓవర్‌ఫ్లో (నీళ్లు అంచు దాటి చుట్టూ ఉన్న కాలువలోకి పొర్లేది) హోటళ్లకు వదిలేయండి. జీఎస్టీ కలిపారో లేదో చూసుకోమని వేరే చెప్పక్కర్లేదు.

చెన్నైలో సముద్రం పక్కనున్న నీలాంకరై, ఇంజంబాక్కం వైపు వాళ్లు మాత్రం కొటేషన్ చివరి పేజీ చదవండి. అక్కడ ఇసుక నేల, కాస్త తవ్వితే ఊట. ‘డీవాటరింగ్ ఎక్స్‌ట్రా’ (గుంతలో ఊరే నీళ్లు తోడటానికి అదనం) అని చిన్నక్షరాల్లో ఉంటుంది. రోజుకెంత, డీజిల్ ఎవరిది, రాత్రి పంపు దగ్గర ఎవరుంటారు అని అడగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తవ్వకం వద్దు, అక్కడ అదే వానాకాలం. హైడ్రోస్టాటిక్ వాల్వ్ (కింద ఊట ఒత్తిడి పెరిగితే ఆ నీటిని పూల్‌లోకి వదిలేది) కూడా రాయించండి. అది లేకుండా వానాకాలంలో పూల్ ఖాళీ చేస్తే, కింది ఊట తొట్టి మొత్తాన్ని పైకి లేపేయగలదు.

అభ్యాసం: పై పూల్‌కే గోడలు, నేల 9 అంగుళాల మందం, గోడ ఎత్తు 4 అడుగులు, నేల కాంక్రీటు గోడల కింద కూడా ఉంటుంది అనుకుని కాంక్రీటు ఎంతవుతుందో మీరే లెక్క కట్టండి. 10.6 క్యూబిక్ మీటర్లు రావాలి. అంతకన్నా ఎక్కువొస్తే మూలల్ని రెండుసార్లు కలిపారేమో చూసుకోండి.