స్వచ్ఛంద ప్రాజెక్టులో పని స్థితిని నమోదు చేసి, పంచుకునే పద్ధతి

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాల్లో మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో కలుసుకుని లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చే బృందానికి జీతమిచ్చే యజమాని గానీ, గడువు దాటితే సంజాయిషీ అడిగే మేనేజరు గానీ ఉండరు. అందుచేత ఇక్కడ స్థితి నివేదికను తోటివారి కోసమే రాయాలి. ఏ పని ఎక్కడ ఆగిందో, దాన్ని ఇంకొకరు అందుకోవచ్చో లేదో వారికి తెలియాలి.

ముందుగా, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల పనులను నమోదు చేసుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఇష్యూ (ఆ పని వివరాల పేజీ) తెరిచి, ఎవరు చేస్తున్నారు, చివరిసారి ఎప్పుడు కదిలింది, ఏది అడ్డుపడుతోంది, తరువాత చేయవలసిందేమిటి అన్న వివరాలను అందులో రాయండి. వీటిలో చివరిదే అన్నిటికంటే విలువైనది. "ఫైల్స్ అనువర్తనం సగం అయింది" అన్న వాక్యం కొత్తగా చేరినవారికి దేనికీ పనికిరాదు. "మెనూలు పూర్తయ్యాయి, దోష సందేశాలు మిగిలాయి, కొన్ని సాంకేతిక పదాలకు తెలుగు ఖరారు కావాలి" అని రాస్తే వారు ఆ సాయంత్రమే పని మొదలుపెట్టగలుగుతారు.

శాతాలను చేత్తో రాయకండి. గ్నోమ్ అనువాదాల స్థితిని చూపే డ్యామ్డ్ లైస్ అనే వెబ్‌సైటు ప్రతి మాడ్యూల్‌లోని (అంటే ఒక్కొక్క అనువర్తనం లేదా భాగంలోని) వాక్యాలను అనువాదమైనవి, ఫజ్జీ, అనువాదం కానివి అని లెక్కగట్టి ఇస్తుంది. మూల వాక్యం మారినందువల్ల పాత అనువాదాన్ని తిరిగి చూడవలసి వచ్చినప్పుడు అది ఫజ్జీ అవుతుంది. అనువాద ఫైలును కంపైల్ చేసేటప్పుడు, అంటే కంప్యూటర్ వాడుకునే రూపంలోకి మార్చేటప్పుడు, గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం సాధారణంగా ఫజ్జీ వాక్యాలను వదిలేస్తుంది కనుక, వాటి స్థానంలో వాడుకరికి ఇంగ్లిషే కనిపిస్తుంది. వాటిని కూడా పూర్తయిన లెక్కలో కలిపి నివేదిక రాయడం వాడుకరులకు చేసే అన్యాయమని నా అభిప్రాయం.

అన్నిటికంటే చిక్కైనది పని పట్టుకుని మౌనంగా ఉండిపోయేవారి విషయం. డ్యామ్డ్ లైస్‌లో ఒక మాడ్యూల్‌ను ఎవరైనా తమ పేరిట తీసుకుంటే మిగిలినవారు మర్యాద కొద్దీ దాని జోలికి పోరు. ఆ వ్యక్తికి ఆఫీసు పని పెరిగినా, ఊరికి వెళ్లినా మాడ్యూల్ అలాగే నిలిచిపోతుంది. దీనికి డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టు పాటించే పద్ధతి మనకు చక్కగా పనికొస్తుంది. అక్కడ ఒక్కొక్క ప్యాకేజీకి (వాడుకరులకు అందించే సాఫ్ట్‌వేర్‌కు) బాధ్యులైనవారు సహాయం కావాలనో, బాధ్యతను మరొకరు తీసుకోవాలనో, పూర్తిగా వదిలేస్తున్నామనో అందరికీ కనిపించేలా ప్రకటించవచ్చు. ఒక్కొక్కదానికి విడి ముద్ర ఉంది. మన ఇష్యూలకు కూడా ‘సహాయం కావాలి’, ‘అప్పగిస్తాను’, ‘వదిలేశాను’ అనే లేబుళ్లు పెట్టి, వాటిని వాడేవారిని కారణం అడగకూడదన్న నియమం చేసుకోండి. మూడు వారాలు కదలిక లేకపోతే సమన్వయకర్త ఆ వ్యక్తికి విడిగా, సౌమ్యంగా రాయాలి. మరో వారంలో జవాబు రాకపోతే పనిని అందరికీ తెరవాలి. తిరిగి వచ్చినప్పుడు వారికి చోటు ఉంటుందని ఆ లేఖలోనే చెప్పడం మరవవద్దు.

తేదీలనూ ఈ ఇష్యూల పట్టికలోనే ఉంచండి. గ్నోమ్ ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ విడుదలవుతుంది. అంతకు కొన్ని వారాల ముందు మూల వాక్యాలను మార్చకుండా స్తంభింపజేస్తారు కనుక అనువాదకులకు అదే అసలు సమయం. మార్చి విడుదలకు ముందు సంక్రాంతికి చాలామంది ఊళ్లకు వెళతారు, ఆ తరువాత ఆర్థిక సంవత్సరాంతపు ఒత్తిడి వస్తుంది. ఎవరెవరు ఎప్పుడు అందుబాటులో ఉండరో డిసెంబరులోనే రాయించుకుంటే ఆ విడుదలకు పెట్టుకునే లక్ష్యం నిజాయితీగా ఉంటుంది.

రెండు వారాలకొకసారి, వంతులవారీగా ఒకరు, ఒక పేజీకి మించని నివేదిక రాసి అందరికీ పంపాలి. సహాయం కావలసిన పనులను మొదట, అడ్డంకులను తరువాత, పూర్తయినవాటిని చివర పెట్టండి, ఎందుకంటే పైపైన చూసేవారు మొదటి కొన్ని వాక్యాలే చదువుతారు. పూర్తయిన ప్రతి పని పక్కన, సమీక్షించినవారితో సహా, చేసినవారి పేర్లు ఉండాలి. ప్రాజెక్టు మొత్తానికి మూడు నెలలకొక నివేదిక చాలు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు అలాగే ఏడాదికి నాలుగు ప్రచురిస్తుంది, అందులోని భాగాలను ఆయా పనులు చేసేవారే రాసి ఇస్తారు.

విడుదల ముగిసిన వారంలో పట్టికను శుభ్రం చేయండి. ఇక చేయబోని పనుల ఇష్యూలను, ఎందుకు చేయడం లేదో ఒక వాక్యం రాసి మూసివేయండి. మిగిలినవాటికి తరువాతి అడుగును కొత్తగా రాసి, తదుపరి విడుదల మైలురాయి కిందికి మార్చండి.