నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు: దరఖాస్తు మొదలు మెట్రో గేటు తెరుచుకునే దాకా

బెంగళూరులో ఉద్యోగం, చెన్నైలో అత్తవారిల్లు, అప్పుడప్పుడు ఢిల్లీలో ఆఫీసు పని. ఇలా తిరిగేవారి పర్సులో ఊరికొక మెట్రో కార్డు పేరుకుపోతుంది. ఆ బెడద తీర్చడానికి వచ్చిందే నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు. స్టేషన్లలో అందరూ ఎన్‌సీఎంసీ అంటారు. 2019 మార్చి 4న అహ్మదాబాద్‌లో ప్రధాని నరేంద్ర మోదీ దీన్ని ప్రారంభించారు. ఇది మన దేశపు కార్డు చెల్లింపుల వ్యవస్థ అయిన రూపే నెట్‌వర్క్ మీద నడుస్తుంది. అమల్లోకి మాత్రం నెమ్మదిగానే వచ్చింది. ఢిల్లీ మెట్రో ఎయిర్‌పోర్ట్ లైన్‌లో 2020 డిసెంబరులో, చెన్నై మెట్రోలో 'సింగార చెన్నై' పేరుతో 2023లో, అదే నగరంలోని సిటీ బస్సుల్లో 2025 జనవరిలో మొదలైంది. హైదరాబాద్ మెట్రో సొంత స్మార్ట్ కార్డు ఈ కోవలోది కాదు. దాన్ని బెంగళూరు గేటుకు తాకిస్తే లాభం లేదు.

దరఖాస్తుకు ముందు

ముందుగా మీ డెబిట్ కార్డును తిప్పి చూడండి. చాలా బ్యాంకులు కొత్తగా ఇస్తున్న రూపే కార్డుల్లో ఈ సదుపాయం ఇప్పటికే ఉంటోంది. వైఫై గుర్తులాంటి వంపు గీతలు ఒక్కటే ఉంటే సరిపోదు. అవి దుకాణాల్లో తాకించి చెల్లించడానికి మాత్రమే. ఎన్‌సీఎంసీ గుర్తు వేరుగా ఉండాలి. గుర్తు ఉండి కూడా పనిచేయకపోతే కార్డు పాడైందని అనుకోకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్త కార్డుల్లో ఈ తాకించే సదుపాయాన్ని ఖాతాదారే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి.

అయినా నా సలహా వేరు. జీతం పడే ఖాతా కార్డును రద్దీలో రోజుకు నాలుగుసార్లు బయటికి తీయడం అంత మంచిది కాదు. ప్రయాణాలకని విడిగా ఒక ప్రీపెయిడ్ కార్డు తీసుకోవడమే మేలు.

ఎక్కడ, ఏ పత్రాలతో

ఈ కార్డు వాడే మెట్రోల్లో స్టేషన్ కస్టమర్ కేర్ కౌంటరులో అడగడం దగ్గరి దారి. పేరు ముద్రించని కార్డయితే అక్కడికక్కడే చేతికిస్తారు. బ్యాంకు శాఖలోనో యాప్‌లోనో దరఖాస్తు చేస్తే పోస్టులో ఇంటికి వస్తుంది. కార్డు రుసుము బ్యాంకును బట్టి మారుతుంది కాబట్టి ముందే అడగండి. చెన్నైలో పాత మెట్రో ట్రావెల్ కార్డులకు 2025 ఆగస్టు 1 నుంచి రీఛార్జ్ ఆపేశారు. అక్కడ కార్డు కావాలంటే ఇక ఇదే.

కేవైసీ, అంటే గుర్తింపు పత్రాల తనిఖీ, లేకుండానే ప్రయాణ కార్డు ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2024 ఫిబ్రవరిలో అనుమతించింది. చాలాచోట్ల ఫోను నంబరు, ఓటీపీ అడిగి ఊరుకుంటారు. ఇలాంటి కార్డులో 3,000 రూపాయలకు మించి ఉంచలేరు. గడువు తీరడమంటూ ఉండదు. ప్రయాణ చార్జీలకు, టోలుకు, పార్కింగుకు పనికొస్తుంది. కానీ వేసిన డబ్బు నగదుగా తిరిగి రాదు, మరో ఖాతాకు పంపడమూ కుదరదు. ఊరు చూడటానికి వచ్చినవారికి ఇది చాలు.

రోజూ తిరిగేవారు కేవైసీ పూర్తిచేసిన కార్డు తీసుకోవాలి. ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఉపాధి హామీ జాబ్ కార్డుల్లో ఏదైనా చెల్లుతుంది. ఆధార్ ఇస్తే దానికి అనుసంధానమైన ఫోను దగ్గరుంచుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. మనవాళ్లకు తరచూ అడ్డుపడేది ఇంటిపేరు. ఒక పత్రంలో పొడి అక్షరం, ఇంకోదానిలో పూర్తి పేరు, వేరొకదానిలో చివరన. మీరు ఇచ్చే పత్రంలో ఎలా ఉందో దరఖాస్తులోనూ అక్షరం మార్చకుండా అలాగే రాయండి.

కార్డు వచ్చాక

అసలు తిప్పలు మొదలయ్యేది ఇక్కడే. ఫోనులో 500 రూపాయలు వేస్తారు, డబ్బు వెళ్లిందని సందేశం వస్తుంది, గేటు మాత్రం బ్యాలెన్స్ లేదంటుంది. ఎందుకంటే ఈ కార్డుకు రెండు నిల్వలు ఉంటాయి. ఒకటి బ్యాంకు సర్వర్లో ఉండే ఖాతా, రెండోది కార్డు చిప్‌లో ఉండే ఆఫ్‌లైన్ వాలెట్. మొదటిది బీరువాలో దాచిన డబ్బు, రెండోది జేబులో ఉన్న డబ్బు. గేటు చూసేది జేబునే. వెనక వందమంది నిలబడి ఉండగా, సిగ్నల్ అందని సొరంగ స్టేషన్లలోనూ, ఒక్కొక్కరికోసం బ్యాంకును అడిగి జవాబు వచ్చే దాకా ఆగడం సాధ్యం కాదు. అందుకే చార్జీ నేరుగా చిప్ నుంచే తగ్గేలా ఏర్పాటు చేశారు.

కాబట్టి ఫోనులో డబ్బు వేశాక స్టేషన్‌లోని రీఛార్జ్ యంత్రం దగ్గరో కౌంటరులోనో కార్డు తాకించి 'బ్యాలెన్స్ అప్‌డేట్' చేయించాలి. కౌంటరులోనే డబ్బు ఇచ్చి టాప్ అప్ చేయించుకుంటే ఈ రెండో మెట్టు ఉండదు. చిప్‌లో గరిష్ఠంగా 2,000 రూపాయలు నిలుస్తాయి.

లోపలికి వెళ్లేటప్పుడు ఎక్కిన స్టేషన్ కార్డులో నమోదవుతుంది, దిగేచోట చార్జీ తగ్గుతుంది. అందుకే ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లలేరు. పర్సుతో సహా తాకిస్తే లోపలున్న మరో కార్డు అడ్డుపడవచ్చు, బయటికి తీసి తాకించండి. కార్డు వాడితే రాయితీ కూడా ఉంది: ఢిల్లీ మెట్రోలో 10 శాతం, బెంగళూరులో 5 శాతం.

కొందరి దగ్గర ఇంకా పేటీఎం పేమెంట్స్ బ్యాంకు ఇచ్చిన కార్డులు ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు ఆంక్షల వల్ల 2024 మార్చి 15 తర్వాత వాటిలో డబ్బు వేయడం కుదరదు. కొత్త కార్డు తీసుకోక తప్పదు.

పోయినా, తేడా వచ్చినా

కార్డు పోతే వెంటనే బ్యాంకు యాప్‌లో బ్లాక్ చేయండి. ఖాతాలోని డబ్బు నిలుస్తుంది, చిప్‌లోనిది పోయినట్టే. రోజూ వెళ్లివచ్చే చార్జీని బట్టి వారానికి సరిపడా మాత్రమే చిప్‌లోకి ఎక్కించుకోండి.

చార్జీ తప్పుగా పడితే మెట్రో కౌంటరుకు, టాప్ అప్ డబ్బు జాడ లేకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్లాలి. ఇది తెలియక రెండింటి మధ్య తిరిగేవారు చాలామంది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఆ నంబరు దాచుకోండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.